అది ఫైన్ కాదు, బిల్లు

సంపాదకులకు,

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనబడే ప్రశ్న ఇది: "అన్నా, పార్కింగ్ ఫైన్ పడింది, కట్టెయ్యాలా, వదిలెయ్యాలా?" జవాబులు రెండు రకాలు. కొందరు "వీసా మీద ఉన్నావు, ఎందుకొచ్చిన గొడవ, కట్టెయ్" అంటారు. ఇంకొందరు "ప్రైవేటోళ్లది కదా, చెత్తబుట్టలో పడెయ్" అంటారు. రెండూ తప్పే. ఆ తప్పు 'ఫైన్' అన్న మాట దగ్గరే మొదలవుతుంది. మీ ప్రవాసుల పేజీలో ఈ విషయం ఎప్పుడొచ్చినా ఆ మాట వాడొద్దని కోరుతూ, కారణం కాస్త వివరంగా రాస్తున్నాం. పిల్లలు అక్కడ చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న తల్లిదండ్రులు ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి పంపినా చాలు.

సూపర్‌మార్కెట్, రిటైల్ పార్క్, జిమ్, ఆసుపత్రి లాంటి చోట్ల పార్కింగ్ చూసే ప్రైవేటు కంపెనీ పంపేది జరిమానా కాదు. "బోర్డు మీద రాసిన షరతులకు ఒప్పుకుని బండి పెట్టావు, షరతు తప్పావు, ఇంత ఇవ్వాలి" అని అడిగే ఒప్పందపు బిల్లు. అందులో నేరం లేదు, పోలీసు లేడు, లైసెన్సు మీద పాయింట్లూ పడవు. అలాగని ఉత్తుత్తి కాగితమూ కాదు. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత గడువు మీద 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్లు సబబేనని 2015 నవంబరు 4న బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్కింగ్‌ఐ అనే పార్కింగు కంపెనీకీ, బండి నడిపిన బీవిస్‌కూ మధ్య నడిచిన కేసు అది. అంతకుముందు చలామణీలో ఉన్న "పట్టించుకోకు" సలహాలన్నీ ఆ రోజుతో చెల్లిపోయాయి. చాలామందికి ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇంకో చిక్కు మన అలవాటు. హైదరాబాద్‌లో ఈ-చలాన్లు పేరబెట్టుకుని, 2022లోనూ 2023 చివర్లోనూ ఇచ్చినట్టు భారీ రాయితీ ఎప్పుడిస్తారా అని చూస్తూ కూర్చోవడం చాలామందికి తెలిసిన విద్యే. బ్రిటన్‌లో లెక్క తిరగబడుతుంది. రాయితీ మొదట్లోనే ఉంటుంది. 100 పౌండ్ల బిల్లుకు 14 రోజుల్లో కడితే 60. ఆగితే 100. వసూలు ఏజెన్సీ చేతికి వెళ్తే మరో 70 కలుస్తుంది. కోర్టుకు వెళ్తే 35 పౌండ్ల ఫీజు, 50 పౌండ్ల లాయరు ఖర్చు, వడ్డీ అదనం. అలా 60 కాస్తా 255 దాటుతుంది.

కాగితం రాగానే దాన్ని ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ పంపేది పెనాల్టీ చార్జ్ నోటీస్, ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటికీ పొడి అక్షరాలు పీసీఎన్. ఈ పోలిక యాదృచ్ఛికమని మేం నమ్మం. కౌన్సిల్‌ది చట్టబద్ధమైన జరిమానా. దానికి మామూలుగా 14 రోజుల్లో కడితే సగం, వేరే ట్రిబ్యునల్, వేరే గడువులు ఉంటాయి, కట్టకపోతే మామూలు కోర్టు విచారణేమీ లేకుండానే జప్తు అధికారుల దాకా పోతుంది. బస్ లేన్ కెమెరా, పసుపు గళ్ల కూడలి కెమెరా నోటీసులు ఆ కోవలోవే. కింద రాసేదేదీ వాటికి వర్తించదు.

ప్రైవేటుదే అని తేలాక తేదీలు లెక్కపెట్టాలి. కంపెనీ కెమెరాకు తెలిసేది నంబరు ప్లేటు ఒక్కటే. బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో డీవీఎల్‌ఏ (బండ్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ఒక్కో వివరానికి 2.50 పౌండ్లు కట్టి తెలుసుకుంటుంది. ఆ పేరున్న మనిషే ఆ రోజు నడిపాడని ఎక్కడా లేదు. అసలు బాకీ డ్రైవరుది. దాన్ని రిజిస్టరైన మనిషి మీదికి మళ్లించడానికి 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలు దారి ఇచ్చింది, కానీ షరతులు పెట్టింది. అద్దం మీద చీటీ లేకుండా కెమెరా ఆధారంగానే పంపితే, బండి పెట్టిన మర్నాటి నుంచి లెక్కేసి 14 రోజుల్లోగా ఉత్తరం ఇంటికి చేరాలి. పోస్టు చేశాక రెండో పనిదినాన అందినట్టు చట్టం భావిస్తుంది. 1వ తేదీన బండి పెట్టారనుకోండి, 15వ తేదీకల్లా ఉత్తరం అందాలి. ఉత్తరం మీదే 14వ తేదీ ఉంటే 16కి ముందు అందినట్టు లెక్కకు రాదు, అంటే గడువు దాటింది. అద్దం మీద చీటీ అంటించి ఉంటే లెక్క వేరు: ఇంటికొచ్చే నోటీసు 29వ రోజుకూ 56వ రోజుకూ మధ్య అందాలి. కవరు పారేయకండి, వచ్చిన రోజు దాని మీదే రాసి పెట్టుకోండి.

తేదీ ఒక్కటే కాదు. ఏ స్థలం, ఎంతసేపు బండి పెట్టి ఉంది, 28 రోజుల తర్వాత రిజిస్టరైన మనిషి నుంచి వసూలు చేసే హక్కు వస్తుందన్న హెచ్చరిక, ఇవన్నీ ఆ నోటీసులో ఉండాలి. కొన్ని కంపెనీల ఉత్తరాల్లో ఆ హెచ్చరికే ఉండదు. అలాంటప్పుడు వాళ్లు డ్రైవరు వెంట మాత్రమే పడగలరు, డ్రైవరెవరో వాళ్లకు తెలియదు. అందుకే "నేను మందుల కోసం ఆగాను, ఐదు నిమిషాలే పెట్టాను" అని మొదటి ఉత్తరంలోనే రాసేయడం పెద్ద పొరపాటు. "వాహనం ఆగింది", "డ్రైవరు డబ్బు కట్టారు" అని రాయండి చాలు. ప్రైవేటు కంపెనీకి డ్రైవరు పేరు చెప్పి తీరాలన్న చట్టం లేదు. పోలీసులు అడిగితే మాత్రం చెప్పాలి, అది వేరు. ఇక్కడ ఒక హద్దుంది: చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. కోర్టు కాగితాల మీద "ఇది నిజం" అని సంతకం పెట్టాల్సి వస్తుంది, అందులో తెలిసి అబద్ధమాడితే కోర్టు ధిక్కారం. పైగా వివరాలన్నీ చూసి, నడిపింది మీరే అయ్యుంటారని న్యాయమూర్తి నిర్ధారించుకోవచ్చు. ఇది బలమైన వాదన, అంతే. తాయెత్తు కాదు.

అద్దె కారైతే, లీజు కారైతే మొదటి ఉత్తరం ఆ కార్ల కంపెనీకి వెళ్తుంది, కాబట్టి పై 14 రోజులు మీ ఇంటికొచ్చిన ఉత్తరానికి లెక్కపెట్టొద్దు. మీ పేరున మళ్లీ నోటీసు పంపేటప్పుడు అద్దె ఒప్పందం, మీ బాధ్యతా పత్రం నకళ్లు దానికి జతచేయాలని అదే షెడ్యూలు చెబుతుంది. చాలా కంపెనీలు జతచేయవు. అప్పీల్లో ఆ ఒక్క వాక్యం రాయడం మరవొద్దు. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లాండ్‌లో ఈ షెడ్యూలే లేదు. తమకంటూ ప్రత్యేక ఉపచట్టాలు అమల్లో ఉన్న విమానాశ్రయ, రైల్వే భూములూ దాని పరిధిలోకి రావు. అమ్మానాన్నలను దించడానికి విమానాశ్రయానికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట: హీత్రో, గాట్విక్‌లలో దించే చోట గేటు లేదు, టికెట్టు చేతికి రాదు. కెమెరా ప్లేటు చదువుతుంది, దించినందుకు రుసుము మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్లో మీరే గుర్తుపెట్టుకుని కట్టాలి.

ఇప్పుడు కెమెరా సంగతి. దీని పేరు ఏఎన్‌పీఆర్, నంబరు ప్లేటును చదివే కెమెరా. అది పార్కింగును చూడదు. లోపలికొచ్చే దారిలో ఒక ఫోటో, బయటికెళ్లే దారిలో ఒక ఫోటో తీసి, రెండింటి మధ్య సమయాన్ని తీసివేత చేస్తుంది. ఖాళీ కోసం చక్కర్లు కొట్టిన పది నిమిషాలు, యంత్రం దగ్గర వరుసలో నిలబడ్డ ఐదు నిమిషాలు, వెళ్లేటప్పుడు రోడ్డు మీదికి దారి దొరక్క ఆగిన పావుగంట అన్నీ 'పార్కింగు'లో కలిసిపోతాయి. క్రిస్మస్ ముందు వారాంతాల్లో రిటైల్ పార్కుల దగ్గర గొడవలు ముదరడానికి ఇదే కారణం.

అంతకంటే ఘోరమైన తప్పు ఇంకోటి ఉంది. ఒకే రోజు రెండుసార్లు వెళ్లారనుకోండి. పొద్దున 9కి వచ్చి 9.20కి వెళ్లారు, సాయంత్రం 5కి వచ్చి 5.25కి వెళ్లారు. పొద్దున వెళ్లేటప్పుడు ముందున్న వ్యాను మీ ప్లేటును కప్పేసింది, సాయంత్రం వచ్చేటప్పుడు బురద వల్లనో ఎదురెండ వల్లనో కెమెరా చదవలేకపోయింది. కంప్యూటరుకు మిగిలినవి రెండే ఫోటోలు, 9కి రాక, 5.25కి పోక. ఎనిమిది గంటల ఇరవైఐదు నిమిషాలు బండి అక్కడే ఉందని బిల్లు వస్తుంది. ఉత్తరంలోని ఫోటోలు రెండూ నిజమే కాబట్టి జనం తమ జ్ఞాపకాన్నే అనుమానించి కట్టేస్తారు. ఇలాంటప్పుడు మధ్యలో బండి వేరేచోట ఉందని చూపాలి: ఆఫీసు గేటు రికార్డు, పెట్రోలు బిల్లు, ఫోన్‌లో గూగుల్ టైమ్‌లైన్, బ్యాంకు కార్డు స్టేట్‌మెంటు, ఇంకో పార్కింగు రసీదు. దాంతోపాటు కంపెనీ డేటా రక్షణ అధికారికి 'సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్', అంటే మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం అడిగే అర్జీ పంపండి. ఖర్చు లేదు, నెలలోగా జవాబివ్వాలి. "మీ దగ్గరున్న నా సమాచారం ఇవ్వండి" అని ముక్తసరిగా కాకుండా, ఆ రోజు మీ ప్లేటును ఏ కెమెరా చదివినా ఆ రికార్డంతా, సగం సగం చదివినవి కూడా, తీసిన ఫోటోలన్నీ సమయంతో సహా, మీ నంబరు మీద జమైన డబ్బు వివరాలు అని విడివిడిగా అడగండి. కొన్నిసార్లు పోయిందనుకున్న ఆ రెండు ఫోటోలూ అందులోనే ఉంటాయి.

తర్వాతది నంబరు టైపు చేసే తప్పు. డబ్బు కట్టారు, కానీ సున్నా బదులు ఓ అక్షరం కొట్టారు, లేదా యాప్‌లో అమ్మేసిన పాత కారు నంబరు అలాగే ఉండిపోయింది. పార్కింగ్ కంపెనీల సంఘాలు బీపీఏ, ఐపీసీ రెండూ కలిసి తెచ్చిన ఉమ్మడి నియమావళి 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒక అక్షరం తప్పు, అక్షరాల తారుమారు లాంటి చిన్న పొరపాటైతే అప్పీల్ చేసినప్పుడు బిల్లు రద్దు చేయాలి. వేరే కారు నంబరు కొట్టినంత పెద్ద పొరపాటైతే 14 రోజుల పాటు 20 పౌండ్లకు తగ్గించాలి. అందుకే రసీదు, యాప్ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. అదే నియమావళి ప్రకారం గడువు అయిపోయాక వెళ్లడానికి 10 నిమిషాల వెసులుబాటు ఉంది. వచ్చాక బోర్డు చదివి ఉండాలో వద్దో తేల్చుకోవడానికి మామూలుగా కనీసం 5 నిమిషాలు ఇవ్వాలి. రెండూ కలిపి 15 నిమిషాలు ఉచితమని లెక్కేసుకోకండి. మొదటి ఐదూ ఉండకుండా వెళ్లిపోయేవాళ్ల కోసం. 2025 ఫిబ్రవరి 17 నుంచి ఇంకో సవరణ: కెమెరా ఉన్న చోట, వచ్చిన ఐదు నిమిషాల్లో కట్టలేదన్న ఒక్క కారణంతో, వెళ్లేలోగా పూర్తిగా కట్టిన వాళ్లకు బిల్లు వేయకూడదు. యంత్రం చెడిపోయి, సిగ్నల్ లేక యాప్ తెరుచుకోక ఆలస్యమైన వాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

కంపెనీకి రాసే ముందు ఒకసారి దుకాణానికి వెళ్లండి. స్థలం వాళ్లదే అయితే, పార్కింగు కంపెనీ వాళ్లు పెట్టుకున్న కాంట్రాక్టరే. కొన్న బిల్లు చూపి మేనేజరును మర్యాదగా అడిగితే రద్దయ్యే అవకాశం బాగా ఉంటుంది. మేనేజరు కుదరదంటే వాళ్ల హెడ్ ఆఫీసుకు మెయిల్ చేయండి. ఇంత తేలికైన దారిని చాలామంది అసలు తొక్కరు. ఇది జరుగుతుండగానే కంపెనీకి అప్పీల్ కూడా పంపాలి, దుకాణం జవాబు కోసం గడువు పోగొట్టుకోకూడదు. మొదటి 14 రోజుల్లో పంపితే, వాళ్లు కాదన్నా మామూలుగా రాయితీ ధర ఇంకో 14 రోజులు తెరిచే ఉంటుంది.

కంపెనీ అప్పీల్‌ను కాదంటే ఆ పైమెట్టు, బయటి అప్పీలు సంస్థ. బీపీఏ సభ్య కంపెనీ అయితే పోప్లా, ఐపీసీ సభ్య కంపెనీ అయితే ఐఏఎస్ (మన జిల్లా కలెక్టర్లకూ దీనికీ సంబంధం లేదు). పోప్లాకు 28 రోజులు, ఐఏఎస్‌కు 21 రోజులు. మామూలు అప్పీలుకు రెండుచోట్లా ఖర్చు లేదు, గెలిస్తే కంపెనీ కట్టుబడాలి, ఓడినా మీరు కట్టుబడాలని లేదు, కానీ 60 పౌండ్ల రాయితీ ధర పోతుంది. పోప్లాలో జాలి కథలు పనిచేయవు. బిడ్డ ఏడ్చింది, వాన పడింది లాంటివి అక్కడ లెక్కలోకి రావు. బోర్డు ఎక్కడుంది, రాత్రి దాని మీద వెలుతురుందా, బిల్లు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉందా, ఆ స్థలంలో వసూలు చేసే అధికారం ఉన్నట్టు స్థల యజమానితో ఒప్పందం చూపారా, నోటీసు తేదీలు సరిపోయాయా, ఇవి రాయాలి. బోర్డుల ఫోటోలు మీరే తీయండి, బండి పెట్టిన సమయానికే వెళ్లి, డ్రైవరు కూర్చునే ఎత్తు నుంచి. కంపెనీ ఆధారాలు పెట్టాక వాటికి బదులివ్వడానికి మీకు 7 రోజులుంటాయి. ఆ మెయిల్ స్పామ్‌లో పడి చేజారిన అప్పీళ్లు చాలానే. ఐఏఎస్ మీద మాకు పెద్ద నమ్మకం లేదు. ఆధారం తిరుగులేనిదైతేనే వెళ్లండి.

తర్వాత వసూలు ఏజెన్సీల ఉత్తరాలు మొదలవుతాయి, ఎర్ర అక్షరాల్లో, 'ఆఖరి హెచ్చరిక' అని నాలుగుసార్లు. వీళ్లు ఇంటికొచ్చి సామాను తీసుకెళ్లలేరు, క్రెడిట్ రికార్డు మీద చెయ్యి వేయలేరు. వీళ్లతో ఫోన్లో మాట్లాడటం వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ ఆ కట్టలోనే ఒకనాడు 'లెటర్ బిఫోర్ క్లెయిమ్', అంటే కోర్టుకెక్కే ముందు ఇచ్చే నోటీసు వస్తుంది. 30 రోజుల గడువు, జవాబు ఫారం జతగా ఉంటాయి. దీన్ని మాత్రం పక్కన పెట్టకూడదు. బాకీని ఒప్పుకోవడం లేదని, ఎందుకో, ఏ కాగితాలు కావాలో రాసి పంపాలి. దాని తర్వాతది నార్తాంప్టన్ నుంచి వచ్చే కోర్టు క్లెయిమ్ ఫారం. జారీ చేసిన తేదీకి ఐదు రోజులు కలిపితే అందిన తేదీ. అక్కడి నుంచి 14 రోజుల్లో అందినట్టు ఆన్‌లైన్లో తెలిపితే, వాదన రాసుకోవడానికి మొత్తం 28 రోజులవుతుంది. అందినట్టు తెలిపేటప్పుడు వాదన పెట్టెలో ఒక్క ముక్కా రాయకండి. రాస్తే అదే మీ పూర్తి వాదన అయిపోతుంది. ఆ తర్వాత ఫోన్లో ఉచిత మధ్యవర్తిత్వం ఉంటుంది. 2024 మే నుంచి చిన్న డబ్బు కేసులకు దీన్ని తప్పనిసరి చేశారు. అక్కడ తేలకపోతే విచారణ మీ ఊరికి దగ్గరి కోర్టులోనే. లాయరు అవసరం లేదు.

ఈ వ్యవస్థకు ప్రభుత్వ కళ్లెం పడాలని 2019లోనే పార్లమెంటు చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో నియమావళి ప్రచురించారు, కంపెనీలు కోర్టుకెక్కాక జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2025 జులైలో మళ్లీ అభిప్రాయాలు అడగడం మొదలుపెట్టారు. పైన చెప్పిన 10 నిమిషాలు, 20 పౌండ్లు అన్నీ కంపెనీల సంఘాలు తమకు తాము పెట్టుకున్నవే. దొంగే తాళంచెవి చేయించినట్టుందని అనుకునేవాళ్లను మేం తప్పుపట్టం.

చివరగా, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు. పైన చెప్పిన ఉత్తరాలన్నీ కారు రిజిస్ట్రేషన్ పత్రం వీ5సీలో ఉన్న చిరునామాకే వెళ్తాయి. విద్యార్థులు, కాంట్రాక్టు ఉద్యోగులు ఏడాదికో ఇల్లు మారతారు. లైసెన్సులో చిరునామా మారుస్తారు, వీ5సీని మరిచిపోతారు. రెండూ వేర్వేరు. పాత ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు ఆ ఉత్తరాలను చెత్తలో వేస్తారు, జవాబు లేదు కాబట్టి విచారణ లేకుండానే కోర్టు తీర్పు వెలువడుతుంది. దీన్నే సీసీజే అంటారు. నెలలోగా మొత్తం కడితే రికార్డు నుంచి తీసేస్తారు, లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకు తీసుకోబోతేనో, లోను అడిగితేనో అప్పుడు బయటపడుతుంది. బాకీ కట్టనందుకు కోర్టు తీర్పు ఏదైనా ఉందా అని వీసా దరఖాస్తులోనూ అడుగుతారు. తీర్పును కొట్టేయించడానికి దరఖాస్తు ఫీజే 300 పౌండ్ల పైన. వీ5సీలో చిరునామా మార్చడానికి ఫీజు లేదు, ఆన్‌లైన్లో కొద్ది నిమిషాల పని. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా కూడా ఉంది, అది మాత్రం నిజమైన జరిమానానే. కారును స్నేహితుడికి అమ్మి ఇండియాకు వచ్చేసేవాళ్లు విమానం ఎక్కేలోగా డీవీఎల్‌ఏ సైటులో అమ్మినట్టు నమోదు చేసి, వచ్చిన మెయిల్‌ను దాచుకోవాలి. ఇల్లు మారినవాళ్లు పాత బిల్లు ఏదైనా నడుస్తుంటే వీ5సీతో ఊరుకోకుండా ఆ పార్కింగు కంపెనీకి కూడా కొత్త చిరునామా విడిగా మెయిల్ చేయాలి, ఎందుకంటే వాళ్లు డీవీఎల్‌ఏను మళ్లీ అడగరు.

ఇట్లు,
పార్కింగు వివాదాల్లో తోటివారికి కాగితాలు రాసిపెట్టే కొందరు తెలుగువాళ్లు,
ఇంగ్లండ్